పన్నెండు పంపుల చప్పుడు

మూడో డ్రమ్ములోంచి గొట్టాన్ని పైకి లాగి, దాని కొసనున్న జల్లెడని గోటితో గీకి చూసింది నురగమ్మ. గోటి కింద తెల్లగా పొడి చేరింది. నిన్న కడిగిన జల్లెడే. కార్లు కడిగే మందు కదలకుండా నిలవుంటే ఆ పొడి పడుతుంది. చూసీచూడనట్టు వదిలేస్తే నాలుగు రోజుల్లో సున్నంలా గట్టిపడుతుంది, పైనున్న పంపు ఊపిరాడక కొట్టుకుంటుంది. జల్లెడని గోరువెచ్చని నీళ్ల బకెట్లో ముంచి, పాత పళ్ల బ్రష్‌తో నాలుగు పక్కలా తోమి, కిటికీ వెలుతురుకేసి ఎత్తి చూసింది. కన్నాలన్నీ తేటగా కనబడ్డాక గొట్టాన్ని మళ్లీ డ్రమ్ములోకి దించింది. జల్లెడ అడుగుకి ఆనకుండా నాలుగు వేళ్ల ఎత్తున నిలబడాలి. అడుగున మడ్డి ఉంటుంది. పంపుకి మడ్డి తాగించకూడదు.

తరవాత నాలుగో డ్రమ్ము.

అది ఎవరి కారు వాళ్లే కడుక్కునే చోటు. రోడ్డు మలుపులో వరసగా ఆరు అరలు. అటూ ఇటూ గోడలు, పైన రేకు, ముందూ వెనకా ఖాళీ. కారు లోపలికి తెచ్చి, గోడనున్న పెట్టెలో టోకెన్ వేసి మీట తిప్పితే ఒకదాని తరవాత ఒకటి సబ్బు, నురగ, నీళ్లు, చివర్లో మెరుగు మైనం వస్తాయి. అవన్నీ చేతిలో ఉన్న ఆ గొట్టంలోనే పుడతాయనుకుంటారు వచ్చేవాళ్లు. అరల వెనక, చేతులు చాస్తే రెండు గోడలూ తగిలేంత ఇరుకుగా పొడుగాటి గది ఒకటుందని, అందులో ఎనిమిది డ్రమ్ముల మందు, చెక్కపలకకి బిగించిన పిడికిలంతేసి పంపులు పన్నెండు ఉన్నాయని, వాటి మధ్య ఒక మనిషి పందొమ్మిదేళ్లుగా తిరుగుతోందని వాళ్లలో చాలామందికి తెలియదు. తెలియకపోవడమే ఆమె పనితనం. పంపు చెడితేనే కదా, వెనకాల ఒక పంపుందని తెలిసేది.

నురగమ్మ అన్న పేరు పెట్టింది ఓ టాక్సీ డ్రైవర్. రోజూ సాయంత్రం రెండో అరలో బండి కడుక్కునేవాడు. ఒకసారి వెనక తలుపు కొట్టి, "ఇంత చిక్కటి నురగ ఎక్కడా చూళ్లేదు, ఎవరండీ చేసేది?" అని అడిగాడు. తలుపు తీసిన మనిషిని ఎగాదిగా చూసి, "మీరా నురగమ్మా!" అని నవ్వాడు. అంతే, అది అతుక్కుపోయింది. ఇరుగుపొరుగు ఏం పని చేస్తావని అడిగితే మొదట్లో "మందు పంపుల దగ్గర" అని చెప్పేది. వాళ్లు ముక్కున వేలేసుకున్నాక, "కార్లకి పట్టేది లెండి, మగాళ్లకి పట్టించేది కాదు" అని సర్దేది.

ఈ పని మొదట ఆమె భర్తది. పెళ్లయిన ఆరో ఏడు ఏడో పంపు గొట్టం పగిలింది. టైర్ల మురికి వదిలించే ఆసిడ్ నడిచే గొట్టం అది. ఎప్పుడు గట్టిపడిందో, ఎప్పుడు బీట వారిందో ఎవరూ చూడలేదు. పక్కన వంగి ఉన్న ఆయన ఎడమ కంట్లో ఆసిడ్ పడింది. వారం తిరిగేసరికి ఆ కన్ను పాలరంగు తేలింది. అప్పట్నుంచి ఆయనకి ఎడమ కన్నుగా ఆమె కూడా రావడం మొదలుపెట్టింది. ఎనిమిదేళ్లు ఇద్దరూ కలిసి చేశారు. ఆయన పోయి పదకొండేళ్లయింది.

ఆయన కంటితో నేర్చుకున్న పనిని ఆమె చెవితో నేర్చుకుంది. పొడుగాటి స్క్రూడ్రైవర్ కొసని పంపు ఒంటికి ఆనించి, పిడిని చెవి ముందున్న ఎముకకి తాకించి కళ్లు మూసుకునేది. ఒంట్లో బాగున్న పంపు టిక్కు, టక్కు అని రెండు మాటలు మాట్లాడుతుంది. గొట్టంలో గాలి చేరితే వెక్కిళ్లు పెడుతుంది. లోపలి రబ్బరు పొర నీరసిస్తే తడిగుడ్డ దులిపినట్టు ఉంటుంది. లోపలి గోళీకి మడ్డి పట్టి సరిగ్గా మూసుకోకపోతే టిక్కు ఉంటుంది, టక్కు ఉండదు.

ఇంతవరకూ ఎవరైనా నమ్ముతారు. ఎవరికీ చెప్పనిది మరొకటుంది.

భర్త పోవడానికి ఒక ఏడాది ముందు, ఒక సోమవారం ఐదో పంపు వెక్కిళ్లు పెట్టింది. విప్పి చూస్తే ఏమీ లేదు. గొట్టం కొత్తది, బిగింపులన్నీ గట్టిగా ఉన్నాయి. స్క్రూడ్రైవర్ పెట్టి మళ్లీ వింటే టిక్కు, టక్కు. చెవి మోసం చేసిందనుకుంది. గురువారం మధ్యాహ్నం అదే గొట్టం మెడ దగ్గర వెంట్రుకంత బీట పడి గాలి పీల్చింది, పంపు వెక్కిళ్లు పెట్టింది. సోమవారం విన్న వెక్కిళ్లే. అలాగే రెండోసారి, మూడోసారి. చప్పుడు ముందొచ్చేది, జబ్బు తరవాతొచ్చేది. ఆ తరవాత ఆమె ఎదురుచూడటం మానేసింది. వినబడిన వెంటనే పొర మార్చేది, గొట్టం మార్చేది. పంపులు చెడటం ఆగిపోయింది. "కంపెనీ సరుకండీ, చూసుకోనక్కర్లేదు" అని యజమాని వచ్చినవాళ్లందరికీ గొప్పగా చెప్పుకునేవాడు.

ఏడాది తిరిగేలోపే, ఓ ఆదివారం మధ్యాహ్నం భర్త వెల్లకిలా పడుకుని నిద్రపోతున్నాడు. ఆమె పక్కన కూచుని బట్టలు మడతపెడుతోంది. ఆయన గుండెలు పైకి లేస్తున్నాయి, దిగుతున్నాయి. ఊపిరి చప్పుడు లేదు. గోడ గడియారం వినబడుతోంది, వీధిలో ఎవరో నవ్వడం వినబడుతోంది, అది మాత్రం లేదు. వంగి ఆయన ఛాతీకి చెవి ఆనించింది. లోపల ఖాళీ కుండ. ఒళ్లు వెచ్చగానే ఉంది. ఇరవై లెక్కపెట్టేసరికి చప్పుడంతా తిరిగొచ్చింది. ఆయన కన్ను తెరిచి "ఏంటే?" అన్నాడు. ఏం లేదంది. పన్నెండో రోజున, బూటు తాడు కట్టుకుంటూ కూచున్నవాడు కూచున్నట్టే వెళ్లిపోయాడు.

ఆ "ఏం లేదు" పదకొండేళ్లుగా ఆమె గొంతులో ముల్లులా ఉండిపోయింది.

ఇవాళ ఎనిమిదీ నలభైకి ఆరు అరలూ నిండాయి. పన్నెండు పంపులూ ఒక్కసారి అందుకున్నాయి. గదంతా వంద గడియారాల కొట్టులా ఉంది. నురగమ్మ కొలపాత్ర పట్టుకుని మొదటి పంపు నిమిషానికి ఎంత మందు లాగుతోందో చూస్తోంది. గీత దగ్గరికి మందు దిగుతోంది, దిగుతోంది... ఉన్నట్టుండి చప్పుడు పోయింది.

తల ఎత్తింది. పంపుల మీటలు ఆడుతున్నాయి. ఎర్ర గొట్టంలో ఎర్ర మందు, నీలి గొట్టంలో నీలి మందు మెట్టు మెట్టుగా పైకెక్కుతున్నాయి. రెండో అరలో కారు రేడియోలో ఎవరో వార్తలు చదువుతున్నారు. కుళాయి చుక్క బకెట్లో పడుతోంది, టప్పుమంటోంది. పంపులు మాత్రం, పన్నెండుకి పన్నెండూ, నోళ్లు ఆడిస్తూ మూగగా ఉన్నాయి. స్క్రూడ్రైవర్ తీసి ఏడో పంపుకి ఆనించింది. పిడి ఎముక మీద అదురుతోంది. అదురుకి మాట లేదు.

పందొమ్మిది లెక్కపెట్టింది. అంతా తిరిగొచ్చింది.

ఒక పంపు వెక్కితే అర్థముంది. పన్నెండూ ఒకేసారి పోవడమంటే? తేరుకుని పని మొదలుపెట్టింది. ఎనిమిది జల్లెడలూ మళ్లీ తీసింది. ప్రతి గొట్టాన్నీ వేళ్ల మధ్య వంచి బీటల కోసం చూసింది. పంపుల్ని ఆడించే గాలి మీటరు చూసింది, ముల్లు ఉండాల్సిన చోటే ఉంది. ఆసిడ్ డ్రమ్ము వెనక నేల తడిమింది. కారితే తెల్లగా పేరుకుంటుంది. నేల పొడిగా ఉంది. ఎక్కడా ఏ లోపమూ దొరకలేదు.

పదకొండుకి మళ్లీ పోయింది. ఈసారి నలభై లెక్కపెట్టింది. అప్పుడే యజమాని తలుపు తోసుకుని వచ్చాడు. ఆయన మాటలు శుభ్రంగా వినబడుతున్నాయి, ఆయన వెనక ఆడుతున్న పంపులు వినబడటం లేదు.

"ఏంటలా పాలిపోయావు? ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉంది సార్. పన్నెండింటికీ పొరలు మార్చేస్తాను. బీరువాలో కొత్తవి ఉన్నాయి కదా, తీసుకుంటాను."

"ఏం, చెడ్డాయా?"

"లేదండి."

"మరి?"

"చెడ్డాక మార్చేది ఎవరైనా మారుస్తారు సార్."

ఆయన నవ్వి తాళంచెవి ఇచ్చి వెళ్లిపోయాడు. పంపులు మళ్లీ పలికాయి. నురగమ్మ తాళంచెవిని గుప్పిట్లో పట్టుకుని నిలబడింది. అప్పుడు ఇంట్లో ఒంటరిగా కూచున్న వదిన గుర్తొచ్చింది.

వదిన అంటే భర్తకి అక్క. మోకాళ్లు పట్టేసి నాలుగేళ్లుగా గడప దాటదు. కిటికీ దగ్గర కుర్చీలో కూచుని పొరుగువాళ్ల బట్టలకి అంచులు కుడుతుంది, వాళ్ల సంసారాలకి వంకలు పెడుతుంది. ఈ లోకంలో నురగమ్మకి మిగిలింది ఆ ఒక్క మనిషి. పంపులు మూగబోవడం ఆవిడ పోబోతోందన్న కబురేమో. ఇక ఆగలేకపోయింది. మధ్యాహ్నం భోజనానికి ఇంకా గంట టైముండగానే చెప్పులేసుకుని బయలుదేరింది.

ఇల్లు రెండు వీధుల అవతల, మూడో అంతస్తులో. మెట్ల దగ్గరికి వచ్చేసరికి రొప్పుతోంది. పైనుంచి ఎవరో దిగుతున్నారు, వాళ్ల చెప్పులు టపటపమంటున్నాయి. ఆమె ఎక్కుతోంది. నాలుగు మెట్లెక్కాక ఏదో తేడాగా అనిపించి ఆగింది. దిగేవాళ్ల అడుగులు వినబడుతున్నాయి. ఇంతసేపూ తనవి వినబడలేదు.

కాలెత్తి మెట్టుమీద గట్టిగా మోదింది. అరికాలు మండింది. చప్పుడు లేదు. దగ్గింది. గొంతు గీరుకుంది, దగ్గు వినబడలేదు. రెండు అరచేతులూ ఎదురుగా పెట్టుకుని చరిచింది. దూదిమీద దూది. దిగుతున్న పొరుగావిడ ఆ చప్పట్లకి ఉలిక్కిపడి, "ఏమైందండీ?" అని అడిగింది.

నురగమ్మ తల అడ్డంగా ఊపింది. మెట్ల కమ్మీ పట్టుకుని అక్కడే కూచుండిపోయింది. మొదట వచ్చింది భయం కాదు. హమ్మయ్య అనిపించింది. వదినది కాదు.

పంపుల సంగతి కూడా అప్పుడే అర్థమైంది. అవి ఆగిపోబోవడం లేదు. వినేవాళ్లు లేని గదిలో అవి అలాగే ఉంటాయి, మీటలు ఆడిస్తూ.

తలుపు తోసేసరికి వదిన సూదిలో దారం ఎక్కిస్తూ తలెత్తకుండానే, "ఇంత పెందలాడే దిగబడ్డావేంటే? ఉద్యోగం ఊడిందా?" అంది.

నురగమ్మ కుర్చీ వెనక్కి వెళ్లి, వంగి ఆవిడ వీపుకి చెవి ఆనించింది. లోపల ఊపిరి బుసకొడుతోంది, గుండె ముసలి గుర్రంలా పరిగెడుతోంది. ఎంత గోల! అలాగే ఉండిపోయింది.

"ఏంటీ చోద్యం? లే, చక్కిలిగిలి."

"వదినా, నీకో మాట చెప్పాలి." తన మాట తనకి వినబడలేదు. వదిన తల తిప్పింది కాబట్టి పలికినట్టే. "పదకొండేళ్లయింది. చెబితే నా మొహం చూడవేమోనని చెప్పలేదు."

చెప్పింది. ఆదివారం మధ్యాహ్నం, ఖాళీ కుండ, పన్నెండు రోజులు, అన్నీ. తన పెదాలు కదులుతున్న సంగతి తప్ప తనకే ఏమీ తెలియకుండా చెప్పింది. వదిన సూదిని బట్టకి గుచ్చి పక్కన పెట్టింది.

"వాడికి తెలుసే," అంది.

"ఏం తెలుసు?"

"ఆ వారంలోనే వచ్చి నా దగ్గర కూచుని చెప్పాడు. 'అక్కా, అది నా గుండెమీద చెవి పెట్టి వింది, పంపుని విన్నట్టు. లేచినప్పుడు దాని మొహం చూశాను. దాని చెవి తప్పదు' అన్నాడు. డాక్టర్ దగ్గరికి పోదాం పదరా అని నెత్తీనోరూ కొట్టుకున్నాను. వెళ్లాడు కూడా. ఆయన అన్నీ చూసి ఏం లేదన్నాడు. నీకు చెప్పొద్దని వాడు నాచేత ఒట్టు వేయించుకున్నాడు. 'అది పొరలు మారుస్తుంది, గొట్టాలు మారుస్తుంది, నన్నెక్కడ మారుస్తుంది? చెబితే ఈ నాలుగు రోజులూ ఏడుస్తుంది' అన్నాడు."

నురగమ్మ నేలమీద కూచుంది. ఆ పన్నెండు రోజులూ గుర్తొచ్చాయి. ఆయన తొందరగా ఇంటికొచ్చిన సాయంత్రాలు. కారణం లేకుండా జోకులేసిన భోజనాలు. తనేదో దాస్తున్నానని తనకి దిగులు. ఆయనా దాస్తున్నాడు. ఒకరికోసం ఒకరు నోరు కుట్టుకుని నవ్వుకున్నారు.

వదిన ఆమె తలమీద చెయ్యి వేసింది. గొంతు మార్చి అడిగింది. "ఇవాళ ఎవరిది విన్నావే?"

"ఎవరిదీ కాదు. పంపులవే."

వదిన ఆమె కళ్లలోకి చూసింది. ఆవిడేం తెలివితక్కువది కాదు. కానీ అడగలేదు. ఇద్దరూ భోజనం చేశారు. వదిన ఎప్పుడూ లేనిది రెండోసారి వడ్డించింది. గడప దగ్గర, "సాయంత్రం తొందరగా రావే," అంది.

"చూస్తాను వదినా."

తిరిగి వచ్చేసరికి ఎండ ఏటవాలుగా గదిలోకి పడుతోంది. పంపులు అన్నీ వినబడ్డాయి. అంత స్పష్టంగా ఎన్నడూ వినలేదు. ఒక్కొక్కటీ విడివిడిగా, ఎవరి గొంతు వారిదిగా. తొందరపడలేదు. ఒక అరని ఖాళీ చూసుకుని దాని పంపుల గాలి ఆపి, మరలు విప్పి, మందుపట్టి మెత్తబడిన పాత పొర తీసి, కొత్త పొర వేసి, గోళీలని గుడ్డతో తుడిచి, మళ్లీ బిగించింది. కొలపాత్రతో నిమిషం చూసింది. సరిపోయింది. తరవాతి అర. నాలుగు గంటలకి పన్నెండూ అయ్యాయి. డ్రమ్ములన్నీ మెడదాకా నింపింది. ఖాళీ డ్రమ్ములో ఆడితే పంపు గాలి మింగుతుంది, ఒక్క పూటలో పొర చిరుగుతుంది. వారం రోజులు ఎవరూ చూడకపోయినా ఆ బాధ ఉండదు.

వారం తరవాత?

కొత్త పొరలు వచ్చిన అట్టపెట్టె చింపి బల్లపరుపుగా చేసింది. టోకెన్ పెట్టెలమీద నంబర్లు దిద్దే నల్ల మార్కరు తీసుకుంది. ఎత్తు పీట పంపుల పలక పక్కకి లాక్కుని కూచుంది. మోకాళ్లమీద అట్ట పెట్టుకుని పెద్ద పెద్ద అక్షరాలతో రాయడం మొదలుపెట్టింది. రాత అలవాటు లేని చెయ్యి. ఒక్కో పంపు దగ్గర కాసేపు కళ్లు మూసుకుని విని, అప్పుడు రాసింది.

*1. విను. గొంతు పలచబడితే జల్లెడ కడుగు.*

*2. విను. ఇది కొంచెం వంకర, పుట్టుకే అంత. భయపడకు.*

*3. విను. పొద్దున రెండు వెక్కిళ్లు మామూలే. మూడోది వస్తే గొట్టం మెడ చూడు.*

ఏడో నంబరుకి నాలుగు వరసలు పట్టాయి. *ఆసిడ్. గొట్టం బాగున్నా ఆర్నెల్లకి మార్చు. కళ్లద్దాలు లేకుండా వంగకు. దీని గొట్టం ఎనిమిదో నంబరు తెల్ల డ్రమ్ములో పెట్టకు, రెండూ కలిస్తే లేచే పొగకి మనిషి మిగలడు.* ఆ ఆఖరి మాట కింద రెండు గీతలు గీసింది.

ఐదు గంటలకి టాక్సీ డ్రైవర్ రెండో అరలో బండి పెట్టాడు. నురగ మీట తిప్పాడు. అంత మెత్తటి, అంత ఒత్తయిన నురగ ఇన్నేళ్లలో చూడలేదు. అద్దాలమీద నిలబడిపోయింది, జారలేదు. చేతులు తుడుచుకుని, ఈ మాట చెబుదామని వెనక్కి నడిచాడు. తలుపు ఓరగా తీసి ఉంది.

ఆమె పీటమీద, పక్కకి ఒరిగి, చెంప పంపుల పలకకి ఆనించి, కళ్లు మూసుకుని ఉంది. అలా వినడం అతను ఇదివరకు చూశాడు. కదిలిస్తే లెక్క తప్పుతుందని గుమ్మంలోనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అరల్లో కార్లు ఒక్కొక్కటే కడగడం అయిపోయింది. పంపులు ఒకటొకటిగా ఆగాయి. చివరిది కూడా ఆగింది. గదిలో కుళాయి చుక్క తప్ప ఏమీ లేదు. ఆమె ఇంకా వింటూనే ఉంది.

అతను ఒక అడుగు లోపలికి వేశాడు. "నురగమ్మా," అన్నాడు, చాలా మెల్లగా.

వదినని టాక్సీలో అతనే తీసుకొచ్చాడు. మూడు అంతస్తులూ ఎత్తుకుని దింపాడు. ఆవిడ ఆ గది చూడటం అదే మొదలు. ఏడవలేదు. నెమ్మదిగా మరదలి పక్కన కూచుని, నుదుటిమీది వెంట్రుకలు సర్ది, "ఒకసారి వీటిని ఆడించండి బాబూ," అంది యజమానితో. ఆయన వెళ్లి ఆరు అరల మీటలూ తిప్పాడు. పన్నెండు పంపులూ ఒక్కసారి అందుకున్నాయి. ఆవిడ రెండు చెవులూ మూసుకుని, మళ్లీ తెరిచింది.

"ఈ గోలలో ఏం వినేదానివే," అంది మరదలితో.

ఆరు నెలలు ఒక్క పంపు కూడా చెడలేదు. కొత్తగా వచ్చిన మనిషి పొద్దున్నే అట్ట చూసి జల్లెడలు కడుగుతాడు. ఏడో పంపు దగ్గర కళ్లద్దాలు పెట్టుకుంటాడు. అట్టని అతనే పలక పక్కన మేకుకి తగిలించాడు. మందు ఆవిరికి దాని అంచులు ఉబ్బాయి, అక్షరాలు బూడిదరంగు తిరిగాయి. అన్నింటికంటే కిందుగా, పన్నెండు అంకె పక్కన, "విను" అని ఒక్క మాటే ఉంది. దాని తరవాత, మార్కరు చాలాసేపు కదలకుండా ఆగినచోట, అట్టలోకి ఇంకిపోయిన గుండ్రటి నల్ల చుక్క.